కాల్షియం రియాక్టర్ అమర్చడం, సరిచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలూ జవాబులూ కొన్ని నెలలుగా రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) నడుపుతూ, గట్టి పగడాలు ఊపందుకున్నాక రోజూ సీసాలతో కాల్షియం, ఆల్కలినిటీ (నీటిలోని బైకార్బనేటు, కార్బనేటుల మోతాదు) ద్రావణాలు పోయడం విసుగనిపించి రియాక్టర్ వైపు చూస్తున్నవారి కోసం. ఉదాహరణల్లో వచ్చే లెక్కలన్నీ రాళ్ళూ ఇసుకా పోగా, సంపులోని (ట్యాంకు కింద పంపులూ పరికరాలూ ఉండే తొట్టిలోని) నీటితో కలిపి 400 లీటర్లు ఉన్న ట్యాంకుకు వేసినవి. మీ ట్యాంకు పరిమాణం వేరైతే ఆ సంఖ్య మార్చి లెక్క వేసుకోవచ్చు.

రియాక్టర్ లోపల అసలు ఏం జరుగుతుంది?

గట్టి పగడాలు నీటిలోని కాల్షియాన్నీ బైకార్బనేటునూ తీసుకుని, వాటిని అరగోనైట్ అనే కాల్షియం కార్బనేటుగా మార్చి తమ అస్థిపంజరాన్ని కట్టుకుంటాయి. రియాక్టర్ ఈ పనిని తిరగేసి చేస్తుంది. గాలి చొరబడకుండా మూత బిగించిన ఛాంబర్‌లో అరగోనైట్ ముక్కలు నింపి, ట్యాంకు నీటిని వాటి మధ్య తిప్పుతూ కార్బన్ డయాక్సైడ్ కలిపితే, కార్బానిక్ ఆమ్లం ఏర్పడి నీటి పీహెచ్ 8కి పైనుంచి 6.5 దరిదాపులకు దిగుతుంది. ఆ ఆమ్లపు నీటిలో అరగోనైట్ కరిగి కాల్షియంగానూ బైకార్బనేటుగానూ విడిపోతుంది. అలా కరిగిన నీరు సన్నటి ధారగానో చుక్కలుగానో సంపులోకి చేరి పగడాలకు అందుతుంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహల్లో సున్నపురాయిని తొలిచి సొరంగాలు చేసింది కూడా ఇదే రసాయన చర్య. అక్కడ యుగాలు పట్టిన పని ఇక్కడ గంటల్లో జరుగుతుంది.

పగడాలు వాడుకునే పదార్థమే తిరిగి కరుగుతుంది కాబట్టి, కాల్షియం, ఆల్కలినిటీ ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో వస్తాయి: ప్రతి 2.8 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) ఆల్కలినిటీకి 20 పీపీఎం (పది లక్షల్లో 20 భాగాలు) కాల్షియం. కింద చెప్పబోయే సర్దుబాట్లన్నిటికీ ఈ నిష్పత్తే పునాది.

నా ట్యాంకుకు రియాక్టర్ అవసరమా?

మెత్తటి పగడాలు, నాలుగైదు ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌లున్న గట్టి పగడాల) ముక్కలు మాత్రమే ఉన్న ట్యాంకుకు అవసరం లేదు; క్రమం తప్పకుండా నీరు మారిస్తే చాలు. మీ ట్యాంకు వాడకం ఎంతో తెలుసుకోవాలంటే ఒక రోజు ఏ ద్రావణమూ పోయకుండా ఆపి, 24 గంటల తేడాతో ఒకే సమయానికి రెండుసార్లు ఆల్కలినిటీ పరీక్షించండి. మొదటిసారి 8.6, మర్నాడు 7.6 వస్తే రోజుకు 1 డీకేహెచ్ ఖర్చవుతున్నట్టు.

రోజుకు అర డీకేహెచ్ కూడా ఖర్చు కాని చిన్న ట్యాంకుకు రెండు సీసాల ద్రావణం, ఒక డోసింగ్ పంపు (కొలత ప్రకారం ద్రావణం పోసేది) సరిపోతాయని నా అభిప్రాయం. సున్నపు తేట, అంటే కాల్క్‌వాసర్, చవకైనదే గానీ ఆవిరైన నీటి స్థానంలోనే పోయాలి కాబట్టి దానికి ఒక హద్దు ఉంటుంది. పెద్ద ట్యాంకులో ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌లున్న గట్టి) పగడాలు దట్టంగా పెరిగి రోజుకు 1 డీకేహెచ్, ఆపైన లాగేస్తున్నప్పుడు రియాక్టర్ తన ఖర్చును తానే రాబట్టుకుంటుంది. మొదట పెట్టుబడి ఎక్కువ, తరువాత నెలనెలా అయ్యేది తక్కువ.

బిగించే ముందు ట్యాంకు నీరు ఎలా ఉండాలి?

రియాక్టర్ ఉన్న స్థాయిని నిలబెట్టడానికి పనికొస్తుంది. పడిపోయిన స్థాయిని పైకి లేపడానికి దాన్ని వాడకూడదు. లవణీయత 35 పీపీటీ (వెయ్యింటికి 35 భాగాలు), కాల్షియం 410 నుంచి 440 పీపీఎం, ఆల్కలినిటీ 7.5 నుంచి 9 డీకేహెచ్, మెగ్నీషియం 1280 నుంచి 1350 పీపీఎం మధ్య ఉండేలా ముందే చేత్తో సరిచేసుకోండి. కాల్షియం 360 వద్ద, ఆల్కలినిటీ 9 వద్ద ఉన్న ట్యాంకుకు రియాక్టర్ పెడితే రెండూ కలిసే పెరుగుతాయి గనుక ఆ తేడా అలాగే ఉండిపోతుంది. తక్కువైనదాన్ని కాల్షియం క్లోరైడుతో విడిగా సరిచేయడం ఒక్కటే దారి.

ఆల్కలినిటీ కొంచెం తగ్గి ఉంటే వంట సోడా చాలు. 400 లీటర్ల నీటిలో 1 డీకేహెచ్ పెంచడానికి సుమారు 12 గ్రాములు పడుతుంది. దాన్ని ఆర్‌ఓ నీటిలో కరిగించి, పంపు ధార ఉన్నచోట నెమ్మదిగా పోయాలి. ఒకే రోజులో 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచవద్దు. కేకులకు వాడే బేకింగ్ పౌడర్ వేరే పదార్థం, దాని జోలికి వెళ్ళకండి.

ఏయే భాగాలు కావాలి? వేటి మీద డబ్బు పెట్టాలి?

మీడియా, అంటే కరగాల్సిన అరగోనైట్ ముక్కలు, ఉండే ఛాంబర్, దానిలో నీటిని తిప్పే సర్క్యులేషన్ పంపు, ట్యాంకు నుంచి నీటిని అందించే ఫీడ్ పంపు, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్, దాని ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటర్, కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలినాయిడ్ వాల్వు, గ్యాస్‌ను సన్నగా సర్దే నీడిల్ వాల్వు, బుడగలు లెక్కించడానికి బబుల్ కౌంటర్, నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు, పీహెచ్ ప్రోబు, దాన్ని చదివే కంట్రోలర్ ఉండాలి. చాలా రెగ్యులేటర్లకు సోలినాయిడ్, నీడిల్ వాల్వు, బబుల్ కౌంటర్ కలిపే ఇస్తారు.

డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే ఛాంబర్ దగ్గర మిగుల్చుకోండి. రెగ్యులేటర్, ఫీడ్ పంపుల దగ్గర వద్దు. ఒకే దశ ఉన్న చవక రెగ్యులేటర్‌తో ఒక చిక్కుంది: సిలిండర్ ఖాళీ అయ్యే వేళకు లోపలి ఒత్తిడి పడిపోతుంటే బయటికి ఇచ్చే ఒత్తిడి పెరిగి, ఉన్న గ్యాసంతా ఒక్కసారిగా ఛాంబర్‌లోకి దూరవచ్చు. రెండు దశల రెగ్యులేటర్‌లో ఈ ప్రమాదం దాదాపు ఉండదు. నీడిల్ వాల్వు కూడా నాణ్యమైనదై ఉండాలి. రాత్రి నిమిషానికి 20 బుడగలకు పెట్టినది పొద్దున్నకు 45 అయ్యే వాల్వుతో ఎవరూ ఏ రియాక్టర్‌నూ సరిచేయలేరు.

సిలిండర్ వాల్వు మర దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లకు సీజీఏ-320 అమరిక ఉంటుంది. అక్కడ కొన్న రెగ్యులేటర్‌ను ఇండియా తెచ్చుకునేవారు ఇక్కడి సిలిండర్‌కు అది పడుతుందో లేదో, అడాప్టర్ కావాలో ముందే చూసుకోవాలి. గ్యాస్ నింపించుకోవడానికి వెల్డింగ్ గ్యాస్ డీలర్లు, అగ్నిమాపక సిలిండర్లు నింపేవారు, సోడా బండ్లకు గ్యాస్ అందించేవారు ఉంటారు. తుప్పు, నూనె వాసన లేని సిలిండర్‌ను మాత్రమే తీసుకోండి.

మీడియా ఏది వాడాలి? కడగాలా?

అరగోనైట్ ఉన్న ముతక రకం మంచిది. ముక్కలు శనగగింజ కంటే చిన్నవైతే కరిగేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని నీటికి దారి లేకుండా చేస్తాయి. మరీ పెద్దవైతే నీటికి తగిలే పైభాగం తగ్గి కరగడం మందగిస్తుంది. బకెట్‌లో పోసి, నీరు తేటగా వచ్చేదాకా ఆర్‌ఓ నీటితో కడగండి. ఆ పాలలాంటి పొడి ఛాంబర్ అడుగున చేరితే తరువాత పంపుకు అడ్డం పడుతుంది. కొన్ని మీడియాల్లో ఫాస్ఫేటు ఉంటుంది కనుక కొత్త మీడియా వేసిన మొదటి రోజు బయటికొచ్చే నీటిలో ఫాస్ఫేటు పరీక్షించి, ఎక్కువగా ఉంటే ఆ తొలి నీటిని పారబోయడం మేలు.

ఇండియాలో ఉన్నవారికి ఒక హెచ్చరిక. రీఫ్ కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జాతులు. తీరంలో దొరికిన ఎండు పగడపు ముక్కలే కదా అని ఏరుకొచ్చి మీడియాగా వాడడం చట్టంతో చెలగాటమే. గనుల్లో తవ్విన అరగోనైట్‌నో, సరైన కాగితాలతో దిగుమతైన మీడియానో మాత్రమే కొనండి. ట్యాంకులో పెట్టే పగడాలకూ కాగితాల సంగతి ఇంతే.

ఛాంబర్‌కు నీటిని ఎలా అందించాలి?

రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. రిటర్న్ పంపు (సంపు నీటిని ట్యాంకుకు తిరిగి పంపేది) నుంచి ఒక పాయ తీసి, రియాక్టర్ నుంచి నీరు బయటికొచ్చే చోట చిన్న వాల్వుతో ధారను తగ్గించడం పాత పద్ధతి. ఆ వాల్వు సన్నటి సందులో కాల్షియం పెచ్చు కట్టి, మొదటి వారం బాగానే ఉన్న ధార రెండో వారానికి సగమవుతుంది. ఆల్కలినిటీ ఎందుకు పడిపోతోందో తెలియక జనం బుడగలు పెంచుకుంటూ పోయేది ఇక్కడే.

నిరంతరం తిరగడానికి తయారైన పెరిస్టాల్టిక్ పంపు (మెత్తటి గొట్టాన్ని రోలర్లతో నొక్కుతూ నీటిని తోసేది) రెండో పద్ధతి. నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని పెడితే అన్నే పంపుతుంది, ఆగినప్పుడు గొట్టాన్ని నొక్కి ఉంచుతుంది కాబట్టి సైఫన్ భయమూ ఉండదు. రోజుకు రెండు మూడు నిమిషాలు తిరిగే మామూలు డోసింగ్ పంపును ఈ పనికి పెట్టకండి, దాని మోటారు అంత పనికి తట్టుకోలేదు. లోపలి మెత్తటి గొట్టం అరిగిపోయే వస్తువు కాబట్టి ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

సిలిండర్ విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సిలిండర్ నిలువుగా ఉండాలి, పడిపోకుండా గోడకో స్టాండుకో గొలుసుతో కట్టి ఉండాలి. పక్కకు పడుకోబెడితే ద్రవరూపంలోని గ్యాస్ రెగ్యులేటర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. రెగ్యులేటర్ బిగించేటప్పుడు నైలాన్ వాషరు సరిగా కూర్చుందో లేదో చూసి, నీడిల్ వాల్వు మూసి ఉంచి, సిలిండర్ వాల్వును నెమ్మదిగా తెరవండి. బయటికిచ్చే ఒత్తిడిని 10 నుంచి 20 పీఎస్‌ఐ మధ్య పెట్టి, కీళ్ళన్నిటికీ సబ్బు నురగ రాసి బుడగ ఉబ్బుతుందేమో చూడండి.

కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల సెల్సియస్ దాటాక ద్రవంగా నిలవదు, వేడి పెరిగేకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి గబగబా పెరుగుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బాల్కనీలో ఎండ తగిలేచోట సిలిండర్ పెట్టడం ఏ మాత్రం మంచిది కాదు. నింపేవాడు చనువుకొద్దీ అర కిలో ఎక్కువ నింపుతానంటే వద్దని చెప్పండి. సిలిండర్ మీద గుద్దిన సామర్థ్యమే హద్దు.

లీకేజీ ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకునేవారి కోసం ఒక లెక్క. 5 కిలోల గ్యాస్ బయటికొస్తే గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 2.8 ఘనపు మీటర్లు ఆక్రమిస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో అది దాదాపు పది శాతం. ఆ స్థాయిలో మనిషి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. ఈ గ్యాస్‌కు వాసన లేదు, గాలి కంటే బరువైనది కనుక కిందికి చేరుతుంది. కిటికీలు ఎప్పుడూ మూసి ఉండే పడకగదిలో సిలిండర్ పెట్టకండి.

మొదటి రోజు ఏ వరుసలో చేయాలి?

ముందు గ్యాస్ లేకుండా నడపండి. మీడియా నింపి మూత బిగించి, ఫీడ్ పంపుతో ఛాంబర్ నిండా నీరు పట్టించి, పైన చిక్కుకున్న గాలి పోయేదాకా గాలి వదిలే మూత తెరిచి ఉంచండి. ఛాంబర్‌ను అటూ ఇటూ కాస్త వంచితే ముక్కల మధ్య దాగిన బుడగలు పైకొస్తాయి. ఆ తరువాత సర్క్యులేషన్ పంపు వేసి ఒక రాత్రంతా వదిలేయండి. కారే చోటు ఉంటే మర్నాటికి నేల మీద ఉప్పు చారగా కనిపిస్తుంది.

మర్నాడు ప్రోబును 7, 4 పీహెచ్ ద్రావణాలతో క్యాలిబ్రేట్ చేయండి, అంటే వాటిలో ముంచి రీడింగు సరిచేయండి. ట్యాంకు ప్రోబుకు 7, 10 వాడే అలవాటు ఉన్నవారు దీనికీ అవే వాడుతుంటారు. రియాక్టర్ పనిచేసేది 7 కంటే దిగువన కాబట్టి 4 ద్రావణం తప్పనిసరి. తరువాత నిమిషానికి పది బుడగలతో మొదలుపెట్టి, అరగంటకోసారి కొద్దికొద్దిగా పెంచుతూ ఛాంబర్ పీహెచ్ 6.7 దగ్గరికి దిగేదాకా ఓపిక పట్టండి. మొదటి రోజే 6.5కి దించాలని తొందరపడనక్కర్లేదు.

ఛాంబర్ పీహెచ్ ఎంత ఉండాలి?

ముతక అరగోనైట్‌కు 6.5 నుంచి 6.7 మధ్య సరిపోతుంది. 7 దాటితే కరగడం మరీ మందగిస్తుంది. 6.3 కంటే దిగితే ముక్కలు అంచుల నుంచి గుజ్జుగా మారి, అడుగున ముద్దకట్టి, నీటి దారిని మూసేస్తాయి. అలా ముద్దకట్టిన మీడియాను తీసి కడగడం తప్ప వేరే మార్గం లేదు. పీహెచ్ దిగేకొద్దీ వాడుకోని గ్యాస్ కూడా ఎక్కువగా ట్యాంకులోకి పోతుంది.

ఒకసారి 6.6 అని నిర్ణయించుకున్నాక దాన్ని అక్కడే వదిలేసి, ఇకపై సర్దుబాట్లన్నీ ప్రవాహంతోనే చేయండి. పీహెచ్‌నూ ప్రవాహాన్నీ ఒకేసారి కదిపితే దేని వల్ల ఏం మారిందో తెలుసుకోవడం అసాధ్యం.

ప్రవాహం ఎంత పెట్టాలో లెక్క ఎలా వేయాలి?

మూడు సంఖ్యలు కావాలి: ట్యాంకు రోజువారీ ఖర్చు, ట్యాంకు ఆల్కలినిటీ, రియాక్టర్ నుంచి బయటికొచ్చే నీటి ఆల్కలినిటీ. మొదటి రెండూ తెలిసినవే. మూడోది కొలవడానికి కిట్ మామూలు పద్ధతి పనికిరాదు, ఆ నీటిలో ఆల్కలినిటీ 20 నుంచి 40 డీకేహెచ్ దాకా ఉంటుంది కనుక రీజెంటు (పరీక్ష ద్రావణం) సిరంజి మొత్తం ఖాళీ అవుతుంది. 5 మి.లీ. నమూనా అడిగే కిట్‌లో 1 మి.లీ. రియాక్టర్ నీరు, 4 మి.లీ. ఆర్వోడీఐ నీరు (ఆర్‌ఓ తరువాత మిగిలిన లవణాలు కూడా తీసేసినది) కలిపి పరీక్షించి, వచ్చిన సంఖ్యను 5తో గుణించండి. గ్యాస్ ఎగిరిపోతే నమూనా పీహెచ్ పెరుగుతుంది గానీ ఆల్కలినిటీ మారదు. అయినా గంటల తరబడి ఉంచితే కార్బనేటు అవక్షేపంగా దిగిపోవచ్చు కాబట్టి వెంటనే పరీక్షించడం మంచిది.

ఇప్పుడు లెక్క. 400 లీటర్ల ట్యాంకులో రోజుకు 1 డీకేహెచ్ ఖర్చవుతోంది, అంటే రోజుకు 400 లీటరు-డీకేహెచ్ అందాలి. రియాక్టర్ నీరు 30, ట్యాంకు 8 డీకేహెచ్ అనుకుంటే, లోపలికి వెళ్ళిన ప్రతి లీటరూ 22 డీకేహెచ్ అదనంగా మోసుకొస్తోంది. 400ను 22తో భాగిస్తే రోజుకు 18.2 లీటర్లు, అంటే నిమిషానికి సుమారు 12.6 మి.లీ. పంపు తెర మీద ఏ సంఖ్య ఉన్నా నమ్మకుండా, కొలజాడీలో ఐదు నిమిషాల నీరు పట్టి చూడండి, 63 మి.లీ. దరిదాపుల్లో రావాలి.

ఇదే లెక్కతో మీడియా వాడకం కూడా తెలుస్తుంది. 1 డీకేహెచ్ అంటే లీటరుకు 17.9 మి.గ్రా. కాల్షియం కార్బనేటు కాబట్టి ఈ ట్యాంకు రోజుకు సుమారు 7 గ్రాముల మీడియాను, ఏడాదికి రెండున్నర కిలోలకు పైగా తింటుంది. దాన్ని కరిగించడానికి రసాయన లెక్క ప్రకారం రోజుకు 3 గ్రాములకు కొంచెం పైగా గ్యాస్ చాలు. బయటికొచ్చే నీటితో వృథాగా పోయేది కలుపుకుంటే ఖర్చు ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

నిమిషానికి ఎన్ని బుడగలు ఉండాలి?

అందరూ మొదట అడిగేది ఇదే, దీనికి జవాబుగా చెప్పదగిన సంఖ్యే లేదు. ఒక కౌంటర్‌లోని బుడగ మరో కౌంటర్‌లోని బుడగకు రెట్టింపు ఉండవచ్చు. స్నేహితుడి ట్యాంకుకు 40 సరిపోయిందని మీరూ 40 పెడితే ఎలా? మీ కౌంటర్‌లో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వచ్చిందా అని చూసుకోవడానికి మాత్రమే బుడగలు లెక్కించండి. రియాక్టర్ సరిగా నడుస్తోందా లేదా చెప్పేది ట్యాంకు ఆల్కలినిటీ పరీక్ష ఒక్కటే.

పీహెచ్ కంట్రోలర్ తప్పనిసరా?

మంచి నీడిల్ వాల్వు, పెరిస్టాల్టిక్ పంపు ఉంటే కంట్రోలర్ లేకుండానూ నడపవచ్చు. ఉంటే మాత్రం దాన్ని కాపలాదారుగా వాడుకోండి, పనంతా దాని నెత్తిన పెట్టవద్దు. గ్యాస్‌ను ధారాళంగా వదిలి, పీహెచ్ 6.6కి దిగగానే సోలినాయిడ్ ఆపేస్తుందిలే అని ధీమాగా ఉండడం ప్రమాదం. ప్రోబు పాతబడి, నిజంగా 6.2 ఉన్నచోట 6.8 అని చూపిస్తే కంట్రోలర్ గ్యాస్ పోస్తూనే ఉంటుంది. సోలినాయిడ్ తెరిచిన స్థితిలో ఇరుక్కున్నా అంతే. బుడగలను ఎంత తగ్గించాలంటే, సోలినాయిడ్ రోజులో ఎక్కువ భాగం తెరిచే ఉండాలి, అది ఎప్పటికీ మూసుకోకపోయినా పీహెచ్ 6.4 కంటే దిగకూడదు. ప్రోబును రెండు నెలలకోసారైనా క్యాలిబ్రేట్ చేయాలి, ఏడాదీ రెండేళ్ళకు మార్చాలి.

ట్యాంకు ఆల్కలినిటీ మెల్లగా పడిపోతోంది లేదా పెరుగుతోంది. ఏం చేయాలి?

ముందు ప్రవాహం కొలవండి, రియాక్టర్ నీటి ఆల్కలినిటీ పరీక్షించండి. చాలాసార్లు అసలు కారణం అరిగిన గొట్టమో, గొట్టం మొనకు పట్టిన పెచ్చో అయి ఉంటుంది. పెచ్చును నిమ్మ ఉప్పు ద్రావణంలోనో వినెగర్‌లోనో గంటసేపు నానబెడితే వదిలిపోతుంది.

అవి రెండూ సరిగానే ఉన్నాయంటే పగడాల వాడకమే మారింది. మూడు నాలుగు రోజుల పరీక్షలు చూసి, రోజుకు 0.2 చొప్పున తగ్గుతోందని తేలితే 400ను 0.2తో గుణిస్తే 80. దాన్ని 22తో భాగిస్తే రోజుకు 3.6 లీటర్లు, నిమిషానికి 2.5 మి.లీ. 12.6ను 15.1 చేయండి. ప్రవాహం పెరిగితే ఛాంబర్ పీహెచ్ కూడా కొంచెం పెరుగుతుంది కాబట్టి అది మళ్ళీ 6.6కి వచ్చేలా గ్యాస్‌ను ఒక పిసరు పెంచాల్సి రావచ్చు. ఇప్పటికే తగ్గిపోయిన భాగాన్ని వంట సోడాతో విడిగా పూరించండి. ఆ లోటును కూడా రియాక్టర్‌తోనే లాగుదామని ప్రవాహం ఎక్కువ పెట్టినవారు వారం తరువాత ఎదురు సమస్యతో సతమతమవుతారు.

ఒక మార్పు చేశాక కనీసం రెండు రోజులు దేన్నీ ముట్టుకోకండి. పరీక్ష రోజూ ఒకే సమయానికి, దీపాలు వెలిగే ముందైతే దీపాలు వెలిగే ముందే, చేయాలి. ఉదయం సంఖ్యనూ రాత్రి సంఖ్యనూ పోల్చి వాల్వు తిప్పడం కంటే ఏమీ చేయకుండా కూర్చోవడం నయం.

ఆల్కలినిటీ నిలకడగా ఉంది గానీ కాల్షియం మారుతోంది. రియాక్టర్ తప్పా?

సాధారణంగా కాదు. నిష్పత్తి ప్రకారం 1 డీకేహెచ్‌కు కాల్షియం తేడా 7 పీపీఎం మాత్రమే. ఇళ్ళలో వాడే కాల్షియం కిట్లలో ఒక చుక్క అటూ ఇటూ అయితేనే అంత తేడా వస్తుంది. అందుకే రియాక్టర్‌ను ఆల్కలినిటీ చూసి నడిపి, కాల్షియాన్ని రెండు వారాలకోసారి చూసుకుంటే చాలు.

నెలల తరబడి ఒకే దిక్కున జరుగుతుంటే మాత్రం నీరు మార్చడానికి వాడే ఉప్పును అనుమానించండి. కొన్ని ఉప్పు మిశ్రమాల్లో ఆల్కలినిటీ 11 డీకేహెచ్ దాకా ఉంటుంది. కోరలైన్ ఆల్గే (రాళ్ళ మీద పెచ్చులా పెరిగే నాచు) దట్టంగా ఉన్న ట్యాంకుల్లో మెగ్నీషియం కూడా ఖర్చవుతుంది, అరగోనైట్‌లో అది తక్కువే కాబట్టి క్రమంగా లోటు పడుతుంది. మీడియాలో కొంత డోలమైట్ (మెగ్నీషియం ఉన్న రాయి) కలపడమో, నెలకోసారి మెగ్నీషియం క్లోరైడు పోయడమో దీనికి పరిష్కారం. నాకు రెండోదే సులువనిపిస్తుంది, ఎంత వేశామో తెలుస్తుంది కదా.

రియాక్టర్ పెట్టాక ట్యాంకు పీహెచ్ తగ్గింది. ఎలా?

బయటికొచ్చే నీటిలో వాడుకోని కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కనుక కొంత తగ్గడం సహజం. 8.2 ఉండేది 8.0 అయితే పగడాలకు ఏమీ కాదు. తెల్లవారుజామున 7.8 కంటే దిగుతుంటే పట్టించుకోవాలి. మొదట ఛాంబర్ పీహెచ్‌ను 6.6 నుంచి 6.7కి పెంచి, ప్రవాహాన్ని దానికి తగ్గట్టు పెంచి చూడండి. తరువాత రెండో ఛాంబర్ సంగతి ఆలోచించండి: గ్యాస్ లేకుండా మీడియా మాత్రమే నింపిన ఆ ఛాంబర్ గుండా నీరు పోతే మిగిలిన గ్యాస్ అక్కడి ముక్కలను కరిగించి ఖర్చవుతుంది. బయటి గొట్టం మొనను ప్రోటీన్ స్కిమ్మర్ (నీటిలోకి గాలి బుడగలు వదిలి మురికిని నురగగా తీసే పరికరం) పక్కన పెడితే గ్యాస్ త్వరగా ఎగిరిపోతుంది.

తలుపులు బిగించి ఏసీ వేసుకునే ఇళ్ళలో, చలికాలం కిటికీలు తెరవని అమెరికా ఇళ్ళలో అసలు కారణం మనుషులు వదిలిన గాలే కావచ్చు. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి లాగితే ఆ సంగతి తేలిపోతుంది. రాత్రిపూట సున్నపు తేట వేయడం కూడా బాగా పనిచేస్తుంది.

సర్క్యులేషన్ పంపు గరగరమంటోంది. ఎందుకు?

కరగని గ్యాస్ పైన పేరుకుని పంపులోకి పోతోంది. బుడగలు అవసరానికి మించి ఉన్నాయి, లేదా మీడియా తగ్గిపోయింది. గ్యాస్ తగ్గించి, పైన చేరినదాన్ని వదిలేయండి.

కరెంటు పోతే ఏమవుతుంది?

సోలినాయిడ్‌కు కరెంటు లేనప్పుడు మూసుకునే రకమే వాడాలి. గ్యాస్, సర్క్యులేషన్ పంపు, ఫీడ్ పంపు మూడూ ఒకే లైను మీద ఉంటే అన్నీ కలిసి ఆగి, కలిసి మొదలవుతాయి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో కంట్రోలర్, సోలినాయిడ్ ఇన్వర్టర్ మీదా, పంపులు మామూలు లైను మీదా ఉంటే కదలని నీటిలోకి గ్యాస్ పోతూ ఉంటుంది. కరెంటు కోతల్లో రిటర్న్ పంపుకూ హీటరుకూ ఇన్వర్టర్ ఇవ్వండి. రియాక్టర్ కొన్ని గంటలు ఆగినంత మాత్రాన ట్యాంకుకు వచ్చే నష్టమేమీ లేదు.

మీడియా, గ్యాస్ ఎప్పుడు నింపాలి?

మీడియా మూడో వంతు తగ్గగానే పైనుంచి కొత్తది కలపండి. ఏడాదికోసారి మొత్తం తీసి, అడుగున చేరిన మడ్డిని కడిగేయాలి. గ్యాస్ విషయంలో మీటరును నమ్మలేం: లోపల ద్రవం ఉన్నంతకాలం ముల్లు దాదాపు ఒకే చోట ఉండి, ద్రవం అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. ఖాళీ సిలిండర్ బరువు దాని మీద గుద్ది ఉంటుంది కాబట్టి తూకం వేయడమే నికరమైన పద్ధతి.

నెల రోజులు ఊరెళ్తున్నాం. రియాక్టర్‌ను నడవనివ్వాలా, ఆపాలా?

అప్పటికి రెండు మూడు నెలలుగా నిలకడగా నడుస్తున్నదైతే నడవనివ్వండి. వెళ్ళడానికి పది రోజుల ముందే పెరిస్టాల్టిక్ గొట్టం మార్చి, ప్రోబు క్యాలిబ్రేట్ చేసి, సిలిండర్ తూచి, ఆ తరువాత ఏ సర్దుబాటూ చేయకండి. ఇంట్లో ఉండేవారికో పక్కింటివారికో ఆల్కలినిటీ పరీక్ష ఒక్కటి నేర్పి, వారానికి రెండుసార్లు చేసి సంఖ్యను ఫోన్‌లో పంపమనండి. ఆల్కలినిటీ 10 డీకేహెచ్ దాటితే గ్యాస్ ప్లగ్గుతో పాటు ఫీడ్ పంపు ప్లగ్గు కూడా తీసేయమని, 6.5 డీకేహెచ్ కంటే తగ్గితే మీకు ఫోన్ చేయమని రెండు ప్లగ్గుల మీదా పేర్లు రాసి అంటించి మరీ చెప్పండి. నీడిల్ వాల్వును మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. రియాక్టర్ పెట్టి నెల కూడా కానివారు దాన్ని ఆపి, గ్యాస్ సిలిండర్ మూసేసి, డోసింగ్ పంపుతో రెండు సీసాల పద్ధతికి తిరిగి వెళ్ళి ఊరెళ్ళడం క్షేమం; అలా ఆపేటప్పుడు ఛాంబర్‌లోని నీటిని వంపేయాలి, లేకపోతే నెల తరువాత ఆక్సిజన్ లేక కుళ్ళిన ఆ నీరు గుడ్డు వాసనతో నేరుగా సంపులోకి వస్తుంది.